మీ ప్రశ్న – మా జవాబు: తెల్లదొర కనబడని జిల్లాలల్ల స్వరాజ్యం కొట్లాట

పోయిన నెల ఇదే పేజీల ఒక పాఠకుడు అడిగిన దానికి జవాబుగ, 1931ల దేవరకొండల ఆంధ్ర మహాసభ, అంటే నిజాం రాజ్యంల తెలుగోళ్లు పెట్టుకున్న సభ, జరిగింది అని ఒక్క లైను రాసినం. ఇగ చూడు, నల్లగొండ, పాలమూరు రెండు జిల్లాల నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, ఒకాయన అయితే వాయిస్ మెసేజే పెట్టిండు. అందుకే ఈసారి వంటిల్లు, సినిమా ప్రశ్నలన్నీ పక్కకు పెట్టి మొత్తం పేజీ దీనికే ఇచ్చినం. సినిమా అభిమానులు జర ఓపిక పట్టాలె.

ప్ర: సార్, మాది నకిరేకల్, డిగ్రీ సెకండియర్. పోటీ పరీక్షల పుస్తకంల అంతా బ్రిటిషోళ్ల మీద కొట్లాటే ఉంటది. మా తాతకు 90 దాటినయి, ఆయన్ని అడిగితే తెల్లోణ్ణి నేనెన్నడు చూడలే, దొరను చూసిన, పోలీస్ పటేల్‌ను చూసిన, రజాకార్లను చూసిన అంటడు. మరి మన దగ్గర జరిగింది స్వాతంత్ర్య పోరాటం కిందికి వస్తదా రాదా?

జ: వస్తది తమ్మీ. మీ తాత అబద్ధం చెప్తలేడు, పుస్తకం కూడ అబద్ధం చెప్తలేదు, రెండింటి నడుమ ఉన్న ముచ్చటే ఎవరూ సరిగ చెప్పరు. 1798ల నిజాం ఇంగ్లీషు కంపెనీతోటి సైన్య సహకార ఒప్పందం చేసుకున్నడు, అంటే కంపెనీ ఫౌజు మన దగ్గర ఉంటది, దాని తిండి బట్ట ఖర్చు మనది. ఆ ఖర్చు కిందనే 1800ల బళ్లారి, అనంతపురం, కడప దిక్కు భూములన్నీ రాసిచ్చిండు, అవే దత్తమండలాలు. తర్వాత ఇంకో ఫౌజు, దానికి ఇంకో బాకీ, ఆ బాకీ కింద 1853ల ఇప్పటి మహారాష్ట్ర దిక్కున్న బేరార్ పోయింది, 1902ల దాన్నే ఏడాదికి 25 లక్షలకు శాశ్వతంగ కౌలుకు తీసుకున్నరు. కోఠిల రెసిడెన్సీ, అంటే తెల్లోళ్ల ప్రతినిధి ఉండే బంగ్లా, సికింద్రాబాద్‌ల కంటోన్మెంట్. తెల్లోడు ఆ రెండు జాగలల్ల కూసుంటే చాలు, నకిరేకల్ దాకా వచ్చి ఎండల తిరగాల్సిన పని ఏముంది? ఆసామి పట్నంల ఉండి చేను కౌలుకిచ్చినట్టు, ఊర్లె కనబడేది కౌలుదారే గదా, మీ తాత చూసింది గదే.

ఊర్లె పటేల్, పట్వారి, వాళ్ల మీద గిర్దావర్, తహసీల్దార్, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్ లెక్క. కచేరీ భాష ఉర్దూ. నాణెం కూడ వేరే, హాలీ సిక్కా, 7 హాలీ రూపాయలు పెడితే 6 ఇంగ్లీషు రూపాయలు వచ్చేటివి. ఇదంతా చూస్తే నిజాం సొంతంగ ఏలుతున్నట్టే అనిపిస్తది. ఆయనకూ అట్లనే అనిపించినట్టుంది, బేరార్ వాపస్ ఇయ్యుమని గట్టిగనే అడిగిండు. 1926ల వైస్రాయ్ లార్డ్ రీడింగ్ రాసిన జవాబు చదివితే ఎవరు పెద్దో తెలుస్తది, ఇండియాల బ్రిటిష్ చక్రవర్తిదే పై చెయ్యి, మాతోటి సమానంగ కూసోని మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశునికీ లేదు అని మొహం మీదనే కొట్టినట్టు చెప్పిండు. మొదటి ప్రపంచ యుద్ధంల అంత పైసా, ఫౌజు ఇచ్చి, 1918ల ‘ఫెయిత్‌ఫుల్ అలై’ అనే బిరుదు తీసుకున్నాయనకు దక్కిన మర్యాద అది.

ఇంకో మాట, రెసిడెన్సీ మీదికి జనం పోలేదు అనుకోవద్దు. 1857 జూలై 17 నాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషుల్ని వెంటేసుకొని కోఠిల రెసిడెన్సీ మీద పడ్డరు. తుర్రేబాజ్ ఖాన్ దొరికి, తప్పించుకొని, చివరికి తూప్రాన్ దగ్గర కాల్పులల్ల పోయిండు. మౌల్వీని అండమాన్ పంపిండ్రు, ఆయన అక్కడనే పోయిండు. మన పిల్లలకు మంగళ్ పాండే తెలుసు, వీళ్లు తెల్వదు, అది సిలబస్ చేసినోళ్లను అడగాల్సిన ముచ్చట.

ప్ర: జడ్చర్ల నుంచి ఒక కిరాణం షాపాయన: గాంధీ పిలుపిస్తే దేశమంతా ఉప్పు చేసిండ్రు, మన పాలమూరోళ్లు ఎందుకు చెయ్యలే? మనోళ్లకు దేశభక్తి తక్కువా?

జ: ముందుగాల మనకు సముద్రం లేదన్నా. చెయ్యాలనుకున్నోళ్లు సరిహద్దు దాటి పోయిండ్రు, బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి 1930ల చదువు వదిలేసి కాకినాడ పోయి ఉప్పు సత్యాగ్రహంల చేరిండు. గుజరాత్ దిక్కు ధరాసనల లాఠీల ముందు జనాన్ని నడిపిన సరోజినీ నాయుడు ఇల్లు మన హైద్రాబాద్‌లనే ఉంది. కానీ అసలు కారణం దేశభక్తి కాదు, కాంగ్రెస్ పాలసీ. రాజుల రాజ్యాలల్ల మేము వేలు పెట్టం, అక్కడి జనం వాళ్ల కొట్లాట వాళ్లే చేసుకోవాలె అన్నది చానా ఏండ్లు వాళ్ల లైను, 1938ల హరిపుర మహాసభల అయితే సంస్థానాలల్ల కాంగ్రెస్ పేరు మీద సత్యాగ్రహాలు వద్దు అని తీర్మానమే చేసిండ్రు. తెలివైన పాలసీనా అంటే, వాళ్ల దిక్కు నుంచి చూస్తే ఒకేసారి ఇద్దరితోటి ఎందుకు అన్నట్టు, మన దిక్కు నుంచి చూస్తే మాత్రం నట్టేట్ల విడిచినట్టే.

అయినా అదే ఏడు మనోళ్లు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పెట్టబోయిండ్రు. పెట్టకముందే, సెప్టెంబరులనే నిషేధం! పుట్టని పిలగానికి వారంట్ అన్నట్టు. అక్టోబర్ 24 నుంచి జట్లు జట్లుగ సత్యాగ్రహం చేసి జైళ్లకు పోయిండ్రు, స్వామి రామానంద తీర్థ పేరు అప్పుడే అందరికీ తెలిసింది. అదే టైముల ఆర్య సమాజం, హిందూ మహాసభ కూడ వేరే సత్యాగ్రహం నడిపితే, సర్కారు మొత్తం కలిపి ఇది మతం గొడవ అని ప్రచారం చేసింది, గాంధీ సలహా మీద స్టేట్ కాంగ్రెస్ డిసెంబరుల ఆపేసింది. నిషేధం మాత్రం 1946 దాకా ఉండనే ఉండె. 1938 చలికాలమే ఉస్మానియా హాస్టళ్లల్ల వందేమాతరం పాడొద్దంటే పిలగాళ్లు వినలే, యూనివర్సిటీ నుంచి తీసేస్తే నాగపూర్ పోయి చదువుకున్నరు, అట్ల పోయినోళ్లల్ల పి.వి. నరసింహారావు ఒకడు. మన గద్వాల రామచంద్రరావును జైల్ల కొడుతుంటే దెబ్బ దెబ్బకూ వందేమాతరం అన్నడట, ఇగ జీవితాంతం ఆయన వందేమాతరం రామచంద్రరావే.

క్విట్ ఇండియా గురించి కూడ అడిగిండ్రు. 1942ల కమ్యూనిస్టులు రష్యా కోసం యుద్ధానికి మద్దతు ఇయ్యాలన్న లైను తీసుకున్నరు, మన నల్లగొండల అప్పటికే ఊర్లె పని చేస్తున్నది ఎక్కువ వాళ్లే. అందుకని ఇక్కడ ఆ ఊపు రాలే. తర్వాత వాళ్లు చేసిన పోరాటం ఎంత గొప్పదైనా ఈ ముక్కను దాచిపెట్టే అవసరం లేదని మా అభిప్రాయం, కోపం వచ్చేటోళ్లకు రానీయిండ్రి.

ప్ర: దేవరకొండ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ: 1931 సభ మా ఊర్లె జరిగిందని గొప్పగ చెప్పుకుంటం. కానీ తీర్మానాలు చూస్తే బడులు, గ్రంథాలయాలు, బాల్యవివాహాలు. స్వరాజ్యం అన్న మాటే లేదు. మనోళ్లు భయపడ్డరా?

జ: అమ్మా, భయం లేదంటే అబద్ధం అయితది. కానీ ఆ సభ పెట్టుకునుడే ఎంత పనో చూడాలె. గస్తీ నిషాన్ 53 అని ఒక సర్కులర్ ఉండె, దాని ప్రకారం పర్మిషన్ లేనిది మీటింగు లేదు. ముందుగాల దరఖాస్తు పెట్టాలె, అధ్యక్షుడు ఎవరు, ఎవరెవరు మాట్లాడుతరు, ఏం మాట్లాడుతరు, రాజకీయం మాట్లాడం అని ఒప్పుకోలు, ఆ కాయితం తహసీల్ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పట్నంకు పోయి తిరిగి వచ్చే దాకా కూసోవాలె, రాకపోతే అడిగేటందుకు ఎవ్వరూ లేరు. వ్యాయామశాల పెట్టాలన్నా పర్మిషనే, ప్రైవేటు బడి పెట్టాలన్నా పర్మిషనే. అసుంటి రాజ్యంల నలుగురు కూసోని పేపరు చదువుకునే జాగ అంటేనే సర్కారుకు అనుమానం. అందుకే మనోళ్లు గ్రంథాలయం అన్నరు, అది అడిగితే కాదనుడు కష్టం, పెట్టినంక లోపల జరిగేది వేరే. బ్రిటిష్ ఇండియాల ఉపన్యాసంతోటి మొదలైన పని ఇక్కడ పేపర్ చదువుడుతోటి మొదలైంది. మీ నల్లగొండ నుంచి 1922లనే నీలగిరి పత్రిక వచ్చింది, దాన్ని నడిపింది షబ్నవీసు వెంకట రామనరసింహారావు, ఆ రోజులల్ల ఒక జిల్లా కేంద్రం నుంచి తెలుగు పత్రిక తెచ్చుడు చిన్న ముచ్చట కాదు.

ఇదంతా ఎట్ల షురూ అయింది అంటే, 1921 నవంబర్‌ల హైద్రాబాద్ వివేకవర్ధిని బడిల ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషుల మాట్లాడినోళ్లను విన్నరు, ఉర్దూ, మరాఠీ విన్నరు, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల మొదలుపెడితే చప్పట్లు కొట్టి, నవ్వి, కూసోబెట్టిండ్రు. రాజ్యంల సగం జనం మాట్లాడే భాష అది! ఆ రోజే కొద్దిమంది కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నరు, మాడపాటి హనుమంతరావు దాన్ని పెంచి ఊరూరికి తీస్కపోయిండు. 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ, అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మీ దేవరకొండల రెండోది, అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు. ఇద్దరూ పాలమూరు దిక్కు మనుషులే, పాలమూరోళ్లకు ఇది గుర్తు చేస్తున్నం, జడ్చర్ల అన్నా వినాలె. 1936ల షాద్‌నగర్‌ల జరిగింది, అది కూడ అప్పుడు మన జిల్లానే.

పెద్దమనుషుల సభ అని తీసేయొద్దు, అట్లని మరీ నెత్తికెత్తుకోవద్దు కూడ. జోగిపేటల భాగ్యరెడ్డి వర్మ మాట్లాడుతడంటే ఆయన దళితుడని కొందరు గలాటా చేసిండ్రు, ఇది కూడ మన చరిత్రనే. అదే జోగిపేటల ఆడోళ్ల సభ వేరేగ జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మొగోళ్ల సభ పక్కన ఆడోళ్ల సభ పెట్టుడు తర్వాత కూడ నడిచింది. మీరు టీచరు గనుక అడుగుతున్నం, మీ బడి గోడల మీద ఉన్న పోటోలల్ల సుందరమ్మ ఉన్నదా?

అసలు మలుపు 1941ల చిలుకూరు సభ. మన హుజూర్‌నగర్ దిక్కు ఊరు. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైండు, బడుల నుంచి ముచ్చట భూమి దిక్కు, వెట్టి దిక్కు పోయింది. 1944ల భువనగిరికి వచ్చేసరికి మహాసభ నిలువున చీలింది, పాతోళ్లు బయటికి పోయిండ్రు, మిగిలినదాన్ని ఊర్లల్ల ‘సంగం’ అన్నరు. నాకు అడిగితే భువనగిరి కన్న చిలుకూరే పెద్ద తేదీ, కానీ దానికి ఎవరూ బోర్డు పెట్టరు.

ప్ర: తుంగతుర్తి నుంచి ఒక ఆటో డ్రైవర్ తమ్ముడు: వెట్టి చేయించుడు అప్పటి చట్టంల ఉండెనా? ఉంటే ఎవడు రాసిండు? లేకుంటే మా ముసలోళ్లు ఎందుకు చేసిండ్రు?

జ: చట్టంల లేదు తమ్మీ, పైగా వెట్టి వద్దు అని నిజాం సర్కారే ఫర్మానాలు కూడ ఇచ్చింది. ఫర్మానా ఉర్దూల, పట్నంల, గెజిట్‌ల ఉంటది. ఊర్లెకు తహసీల్దార్ దౌరా మీద వస్తడు. ఆయన వచ్చిండంటే కుమ్మరోళ్లు కొత్త కుండలు తేవాలె, నీళ్లు పొయ్యాలె, చాకలోళ్లు బట్టలు ఉతకాలె, గిన్నెలు తోమాలె, మంగలాయన దీపం పట్టాలె, ఒళ్లు పట్టాలె, గొల్లోళ్లు మేక ఇయ్యాలె, మాదిగోళ్లు చెప్పులు కుట్టియ్యాలె, ఎడ్లకు తోళ్లు, తాళ్లు ఇయ్యాలె, ఎరుకలోళ్లు వడ్లు దంచాలె, కోమటాయన ఉప్పు పప్పు నెయ్యి పంపాలె, రైతు బండి కట్టి సామాను పక్క ఊరి దాకా దించి రావాలె, బేగరి రాత్రికి రాత్రి కాయితం పట్టుకొని ఉరకాలె. పైసా లేదు. దొర ఇంట్ల పెండ్లి అయినా ఇదే, దొర ఇంట్ల చావు అయినా ఇదే. ఫర్మానాను అమలు చేయాల్సినోడే వెట్టి తింటుంటే ఇగ ఎవరికి చెప్పుకోవాలె? ఇదే మీ ప్రశ్నకు అసలు జవాబు, చట్టం పుస్తకంల రాజ్యం వేరు, ఊర్లె రాజ్యం వేరు. ఆంధ్ర జన సంఘం మొదట పట్టించుకున్న గోసలల్ల ఈ కోమట్ల దగ్గర ముఫత్‌గ సామాను గుంజుకునుడు ఒకటి, దాని మీద చిన్న పుస్తకాలు అచ్చేసి పంచిండ్రు.

రెండో ప్రపంచ యుద్ధంల ధాన్యం లెవీ, అంటే సర్కారు జబర్దస్తీగ గింజలు తీసుకునుడు, వచ్చింది, అది ఇంకో దెబ్బ. దొర దగ్గర గింజ తియ్యరు, రెండెకరాలోని గాదె ఊడుస్తరు. అప్పుడు జనగామ తాలూకా కూడ మన నల్లగొండ జిల్లాలనే ఉండె. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద దగ్గర దగ్గర 60 ఊర్లు, 40 వేల ఎకరాలు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ కౌలు చేను పంట మీదికి ఆయన మనుషులు వస్తే సంగపోళ్లను వెంటబెట్టుకొని పంట ఇంటికి తెచ్చుకుంది. 1946 జూలై 4 నాడు కడివెండిల ఊరేగింపు మీద గడీ దిక్కు నుంచి కాల్పులు, దొడ్డి కొమురయ్య పోయిండు. ఆడికెళ్లి ఆగలే. మీరు నడిపే రోడ్డు పక్కన ఉన్న చానా స్థూపాలు ఆ రెండు మూడేండ్లవే, ఎన్నడన్న ఆటో ఆపి పేర్లు చదవుండ్రి.

ప్ర: కోదాడ నుంచి: మా అమ్మమ్మది మునగాల. మాది ఇంగ్లీషోళ్ల రాజ్యం, మీది తురకల రాజ్యం అని చిన్నప్పుడు ఎక్కిరించేటోళ్లట. చుట్టూ నిజామే గదా, నడుమ ఇంగ్లీషోళ్లు ఎట్లొచ్చిండ్రు?

జ: మంచి ప్రశ్న, మాకు ఇష్టమైన ప్రశ్న. మునగాల పరగణా చుట్టూ నల్లగొండ జిల్లా, కానీ అది మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా లెక్క. సముద్రం నడుమ లంక అంటరు చూడు అట్ల. నాయని వెంకట రంగారావు జమీందారు, కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దివాను. జమీందారు సాయం, దివాను అసుంటోళ్ల పూనిక తోటే 1901ల హైద్రాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చింది. తెలంగాణల తెలుగు గ్రంథాలయాల ముచ్చట అక్కడ షురూ అయింది.

ఇగ పాలన తేడా చూడుండ్రి. 1937ల మునగాల దిక్కు, కొద్దో గొప్పో పన్ను కట్టేటోనికి, చదువుకున్నోనికి ఓటు ఉండె, మద్రాసుల రాజాజీ మంత్రివర్గం వచ్చింది. గట్టు ఇవతల కోదాడోనికి మీటింగుకు పర్మిషన్ కూడ లేదు. నిజాం సర్కారు కూడ అదే టైముల అరవముదు అయ్యంగార్ కమిటీ వేసి 1939ల సంస్కరణలు ప్రకటించింది, వృత్తులు, వర్గాల వారీగ ప్రాతినిధ్యం అని ఏదో లెక్క, బాధ్యత గల ప్రభుత్వం మాత్రం కాదు, అది కూడ యుద్ధం పేరు చెప్పి మూలకు పెట్టిండ్రు. అయితే అమ్మమ్మకు చెప్పుండ్రి, ఇంగ్లీషు రాజ్యం అని మురిసే అంత ఏం లేదు, మునగాల రైతులు కూడ 1930లల్ల అదే జమీందారు మీద తిరగబడ్డోళ్లే, గ్రంథాలయాలకు దానం చేసినంత మాత్రాన శిస్తు దగ్గర మంచోడు కాడు. 1948 సెప్టెంబర్‌ల బెజవాడ నుంచి వచ్చిన ఇండియా సైన్యం మునగాల, సూర్యాపేట మీదికెళ్లే పట్నం దిక్కు పోయింది.

ప్ర: కొల్లాపూర్ నుంచి: సంస్థానం రాజులు మంచోళ్లా చెడ్డోళ్లా, ఒక్క మాటల చెప్పండి.

జ: ఒక్క మాటల రాదు. గద్వాల, వనపర్తి, మీ జటప్రోలు, ఆత్మకూరు, గోపాల్‌పేట, ఇవన్నీ నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టి లోపల సొంత పాలన నడిపిన సంస్థానాలు. కవులను పోషించిండ్రు, చెరువులు తవ్విచ్చిండ్రు, శిస్తు కూడ పిండిండ్రు. పైన తెల్లదొర, కింద నిజాం, దాని కింద రాజు, దాని కింద పటేల్, ఇన్ని మెట్లు దిగి వచ్చేసరికి రైతు నెత్తిన బరువు ఎంతుంటదో లెక్కేసుకోండ్రి.

ప్ర: మక్తల్ నుంచి: 1947 ఆగస్టు 15 నాడు మన పాలమూరుల ఏం జరిగింది? జెండా ఎగిరిందా?

జ: సర్కారు పరంగ ఎగరలే, ఎగరేసినోళ్లను పట్టుకపోయిండ్రు. ఇంగ్లీషోళ్లు పోతే నేను స్వతంత్రున్ని అని నిజాం ముందే ప్రకటించుకున్నడు. ఆగస్టు 7 నాడు స్టేట్ కాంగ్రెస్ ‘ఇండియాల చేరాలె’ అని దినం పాటించింది, 15 నాడు రామానంద తీర్థను అరెస్ట్ చేసిండ్రు. తర్వాత జనం రెండు దిక్కుల సర్కారు ఆమ్దానీ మీద పడ్డరు. ఒకటి ఆబ్కారి, ఈత చెట్లు, తాటి చెట్లు నరికిండ్రు, కల్లు మీద వచ్చే పైసలు సర్కారుకు పెద్ద బువ్వ. రెండోది కరోడ్‌గిరి నాకాలు, అంటే సరిహద్దు మీద సుంకం వసూలు చేసే చౌకీలు, కృష్ణ దాటి బట్ట తెచ్చుకున్నా సుంకమే, వాటిని తగలబెట్టిండ్రు. మన ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిల 1947 అక్టోబర్‌ల జనం మీద పోలీసులు కాల్చిండ్రు, ప్రాణాలు పోయినయి. మక్తల్ నుంచి అప్పంపల్లి దూరమేం కాదు, మీ దిక్కు ముసలోళ్లు ఉంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండ్రి. నవంబర్ 29 నాడు నిజాం, ఇండియా యథాతథ ఒప్పందం చేసుకున్నరు, కానీ ఊర్లల్ల రజాకార్ల దాడులు ఆగలే. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్, అంటే ఇండియా సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకునుడు, ఆ కథ మీకు తెలిసిందే.

ప్ర: మిర్యాలగూడ నుంచి: మా తాత సంగంల ఉన్నడు, జైలుకు పోయిండు అంటరు. కాయితం ఏం లేదు. ఎక్కడ దొరుకుతది?

జ: హైద్రాబాద్ తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలం రికార్డు మస్తుగ అక్కడనే ఉంది. రెండు తిప్పలు. ఒకటి, ఎక్కువ ఉర్దూల ఉంటది, ఆ చేతిరాత చదవొచ్చే మనిషిని వెంట తీస్కపోండ్రి. రెండోది, తేదీలు ఫస్లీల, అంటే నిజాం కాలపు సర్కారు సంవత్సరాల లెక్కల ఉంటయి, దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తది, కానీ వాళ్ల ఏడాది అక్టోబర్‌ల ఆజూర్ నెలతోటి షురూ అయితది. 1350 ఫస్లీ ఆజూర్ అని ఉంటే అది 1940 అక్టోబర్ అన్నట్టు, జనవరి వచ్చినంక నెలలకు 591 కలపాలె. తాత పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, ఈ నాలుగూ రాసుకొని పోండ్రి, ఇప్పటి మండలం పేరు చెప్తే వాళ్లకు సమజ్ కాదు.